థైరాయిడ్ మార్చిన కళ్లు: సర్జరీ ఎప్పుడు, ఏ వరుసలో

మనిషి మనసులో ఉన్నది తెలుగులో చాలావరకు కళ్లతోనే చెబుతాం. కోపం వస్తే గుడ్లురిమారంటాం. పొగరు చూపితే కళ్లు నెత్తికెక్కాయంటాం. అదేపనిగా చూస్తే గుడ్లప్పగించి చూస్తున్నారంటాం. దిష్టి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. థైరాయిడ్ జబ్బుతో కళ్లు ముందుకు వచ్చి, పై రెప్ప పైకి లాక్కుపోయిన మనిషి వీటిలో ఏదీ చేయదు. కానీ ఎదుటివాళ్లకు ఆమె ముఖంలో ఇవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పక్కింటావిడ చంటిబిడ్డకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మేడంకి కోపం ఎక్కువనుకుంటారు. మిడిగుడ్లు అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వెనకనుంచి చెవిన పడుతుంది.

ఈ కళ్లకు చేసే సర్జరీని అందం కోసం చేయించుకునే ఆపరేషన్ అని చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. అందం కోసం సర్జరీ చేయించుకునే మనిషి తనకు లేని ముఖాన్ని కోరుకుంటుంది. ఈ రోగి అడిగేది నాలుగేళ్ల కిందటి తన ముఖాన్నే. ఈ తేడా అర్థం కాకపోవడంతో విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల రెండు రకాలుగా నష్టం జరుగుతోంది. కొందరు ఈ వయసులో అందమేంటని ఇంట్లోవాళ్లు అంటారేమోనని అసలు డాక్టర్నే అడగరు. కొందరు జబ్బు ఇంకా రగులుతుండగానే వెంటనే ఆపరేషన్ చేసేయమని పట్టుబడతారు. రెండోది మొదటిదానికంటే ప్రమాదం. ఈ సర్జరీలో చెయ్యి తిరిగిన డాక్టర్ ఎంత ముఖ్యమో, ఎప్పుడు చేశారు, దేని తర్వాత ఏది చేశారు అన్నవీ అంతే ముఖ్యం.

గొంతు వాపునీ గుండెదడనీ ముందుకొచ్చిన కళ్లనీ కలిపి ఒకే జబ్బుగా 1835లో డబ్లిన్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించాడు. ఐదేళ్ల తర్వాత జర్మనీలో బాజెడో అనే డాక్టర్ ఇదే రాశాడు. గ్రేవ్స్ పేరు మీదే దీన్ని గ్రేవ్స్ వ్యాధి అంటారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత థైరాయిడ్ గ్రంథినే రెచ్చగొట్టడం దీని మూలం. థైరాయిడ్ కణాల మీద ఏ గ్రాహకాన్ని, అంటే సంకేతాలు అందుకునే భాగాన్ని, పట్టుకుని ఇది రెచ్చగొడుతుందో, అదే గ్రాహకం కనుగుడ్డు వెనకున్న కణజాలంలో కూడా ఉంటుంది. దాంతో అక్కడి కణాలు హయలురానిక్ ఆమ్లాన్ని విపరీతంగా తయారు చేస్తాయి. అది నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. కొవ్వు పెరుగుతుంది, కన్ను తిప్పే కండరాలు ఉబ్బుతాయి.

కంటి గూడు మొత్తం చోటు దాదాపు 30 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూతతో మూడు మూతలనుకోవచ్చు. అంత చిన్న గూటికి చుట్టూ ఎముకే, ఖాళీ ముందువైపు మాత్రమే ఉంది. లోపల సామాను పెరిగితే గుడ్డు ముందుకు రావడం తప్ప మరో దారి లేదు.

హార్మోన్ల డాక్టర్ అయిన ఎండోక్రైనాలజిస్టు దగ్గర రోగులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చింది కదా, మరి కళ్లెందుకు తగ్గలేదు? థైరాయిడ్ కళ్లను పాడు చేసిందని అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. నిజానికి ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మలు. ఒక కొమ్మకు మందు వేస్తే రెండోది దానంతటదే వాడిపోదు. థైరాయిడ్ నార్మల్‌గా ఉన్నవాళ్లకీ, తక్కువగా ఉన్నవాళ్లకీ కూడా కొద్దిమందిలో ఈ కంటి జబ్బు వస్తుంది. అలాగని థైరాయిడ్ మాత్రలు నిర్లక్ష్యం చేయకూడదు. హార్మోన్ ఎక్కువ తక్కువల మధ్య ఊగిసలాడితే కళ్లు ఇంకా పాడవుతాయి. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ ఇవ్వాలనుకుంటే కంటి జబ్బు సంగతి ముందే చెప్పాలి. కొందరిలో అది కళ్లను పెంచుతుంది కాబట్టి, జబ్బు చురుగ్గా ఉంటే ఆ దారి మానుకుంటారు, లేదంటే స్టెరాయిడ్ రక్షణతో ఇస్తారు.

ఇప్పుడు కాలం సంగతి. ఈ జబ్బు నడకను రండిల్ అనే వైద్యుడు 1945లో ఒక గీతగా గీసి చూపించాడు. ఈనాటికీ కంటి వైద్యులు దాన్నే చెప్పుకుంటారు. మొదట ఎర్రదనం, వాపు, నొప్పితో గీత పైకి లేస్తుంది. ఆర్నెల్ల నుంచి రెండేళ్ల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఈ దశ నడుస్తుంది. తర్వాత గీత కొంచెం కిందికి దిగి, అక్కడే సమంగా నిలిచిపోతుంది. మొదలైన చోటికి మాత్రం పూర్తిగా దిగదు. మంట చల్లారినా బిగుసుకుపోయిన కండరం, పెరిగిన కొవ్వు, పైకి లాక్కుపోయిన రెప్ప మిగిలే ఉంటాయి. ఆ మిగిలినదాన్ని సరిచేయడానికే ఈ సర్జరీలు.

గీత పైకి లేస్తున్నప్పుడు రెప్ప దించే సర్జరీ చేస్తే, మూడు నెలల్లో లోపలి వాపు ఆ కొలతను చెరిపేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలో నీళ్లు నిలబడ్డాయి. నీళ్లు తీసి గోడలు ఆరేదాకా ఎవరూ సున్నం జోలికి పోలేదు. రెప్పల విషయమూ అంతే.

జబ్బు చురుగ్గా ఉందా చల్లబడిందా అని తేల్చడానికి డాక్టర్లు ఏడు లక్షణాలు చూసి మార్కులు వేస్తారు. కంటి వెనక నొప్పి, కన్ను తిప్పితే నొప్పి, రెప్పల ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు ఎరుపు, దాని మీది పొర ఉబ్బడం, ముక్కు పక్క మూల వాపు. మూడు అంతకంటే ఎక్కువ ఉంటే చురుగ్గా ఉన్నట్టు లెక్క. ఆ దశలో కత్తికి కాదు, మందుకే పని. మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లకు వారానికోసారి సెలైన్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్, 12 వారాల్లో మొత్తం నాలుగున్నర గ్రాములు ఇవ్వడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. 2020 జనవరిలో అమెరికాలో టెప్రొటుముమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. కనుగుడ్డును లోపలికి తగ్గించడంలో దాని ఫలితం గట్టిదే. కానీ ధర సామాన్యుడికి అందేది కాదు, వినికిడి తగ్గడం, షుగర్ పెరగడం లాంటి దుష్ఫలితాలూ ఉన్నాయి.

మంట చల్లారాక కూడా వెంటనే టేబుల్ ఎక్కించరు. కనీసం ఆర్నెల్ల పాటు కొలతలు మారకుండా, థైరాయిడ్ రిపోర్టులు నిలకడగా ఉండాలంటారు. రోగికి ఈ ఆర్నెల్లు చాలా కష్టం. డాక్టర్ వాయిదాలు వేస్తున్నాడని వేరే చోటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ప్రతి విజిట్‌లో రాసిన కొలతలు ఆ కాగితాల్లోనే ఉంటాయి కాబట్టి, ఆస్పత్రి మారినా ఫైల్ మాత్రం వదలకూడదు. ఆ అంకెలు లేకపోతే కొత్త డాక్టర్ మళ్లీ ఆర్నెల్లు మొదటినుంచి లెక్కపెట్టాల్సి వస్తుంది.

ఈ ఎదురుచూపుకి మినహాయింపులు రెండే. లోపల ఉబ్బిన కండరాలు కంటి నరాన్ని నొక్కేస్తే చూపు మసకబారుతుంది, రంగులు వెలిసిపోతాయి. ఒక కన్ను మూసి రెండో కంటితో చూస్తే ఎండుమిరపకాయ ఎరుపు ఒక కంటికి నిగనిగలాడుతూ, మరో కంటికి పాతబడినట్టు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. రెండోది, రెప్పలు మూతపడక నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడడం. ఈ రెండింటిలో చూపే పోయే ప్రమాదం ఉంది కాబట్టి జబ్బు ఏ దశలో ఉన్నా ఆగరు.

మిగతావాళ్లకు వరుస ఇది: ముందు గూడు, తర్వాత మెల్ల, ఆఖరున రెప్పలు. అందరికీ మూడూ అవసరం రాదు, కానీ అవసరమైనవి మాత్రం ఈ వరుసలోనే జరగాలి. కనుగుడ్డును లోపలికి పంపే సర్జరీ చేస్తే కండరాల దిశ కొంచెం మారి, ఒకటి రెండుగా కనిపించే ఇబ్బంది కొత్తగా రావచ్చు, ఉన్నది పెరగొచ్చు. అందుకే మెల్ల దాని తర్వాత. మెల్ల కోసం కింది కండరాన్ని వెనక్కి జరిపితే, దానికి అంటుకుని ఉండే కింది రెప్ప కూడా కిందికి జారుతుంది. అందుకే రెప్ప ఆ తర్వాత. రెప్పతో మొదలుపెడితే పై రెండూ దాన్ని మళ్లీ కదిలించేస్తాయి. అద్దంలో రోగిని బాధపెట్టేది ముందుగా రెప్పే కాబట్టి అదే ముందు చేయమని అడగడం సహజం. అక్కడ ఒప్పుకోకుండా కూర్చోబెట్టి కారణం చెప్పే డాక్టరే మంచి డాక్టర్.

మొదటిది డికంప్రెషన్. గూటి గోడల్లో కొంత ఎముక తీసేసి, లోపల ఇరుక్కున్న కొవ్వుకు చోటు చేస్తారు. 1911లో డోలింగర్ పక్క గోడ తీయడంతో ఇది మొదలైంది. ముక్కు వైపు గోడ నిజంగానే కాగితమంత పలచన. దాని లాటిన్ పేరుకు అర్థం కూడా కాగితం పలక అనే. దాని అవతల సైనస్ గాలి గదులు ఉంటాయి కాబట్టి కొవ్వు అటు జరుగుతుంది. ఇప్పుడు చాలావరకు రెప్ప లోపలి నుంచో, ముక్కులో ఎండోస్కోప్ పెట్టో చేస్తారు, ముఖం మీద మచ్చ పెద్దగా కనబడదు. కొందరికి ఎముక జోలికి వెళ్లకుండా కొవ్వు మాత్రమే తీస్తారు. ఒక్కో గోడతో రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుందని స్థూలంగా చెప్పొచ్చు.

అంత చిన్న అంకె కోసమా ఇంత సర్జరీ అనిపించవచ్చు. కొలిచే తీరు దగ్గర్నుంచి చూస్తే ఆ సందేహం తీరుతుంది. డాక్టర్ రోగికి ఎదురుగా కూర్చుని, రెండు చివర్లా చిన్న అద్దాలున్న స్కేలు లాంటి పరికరాన్ని రెండు కణతల ఎముకల అంచులకు ఆనిస్తాడు. ఆ అద్దంలో నల్లగుడ్డు పక్కనుంచి కనిపిస్తుంది, కింద అంకెల గీతలు ఉంటాయి. కుడి 24, ఎడమ 21 అని అసిస్టెంట్ రాసుకుంటాడు. రెండు కళ్ల మధ్య రెండు మిల్లీమీటర్లు దాటిన తేడాను వైద్యంలో అసాధారణంగానే లెక్కిస్తారు. మామూలు మనిషి కంటికి కూడా అది తెలిసిపోతుంది, ఏం తేడాగా ఉందో మాత్రం చెప్పలేరు.

ఈ సర్జరీకి పూర్తి మత్తు కావాలి. చెంప, పై చిగురు కొన్నాళ్లు మొద్దుబారడం మామూలే, కొందరికి అది అలాగే ఉండిపోవచ్చు. ఒకటి రెండుగా కనిపించే డబుల్ విజన్ సంగతి ముందే అనుకున్నాం. చూపు పోవడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం చాలా అరుదు, కానీ సంతకం పెట్టే ముందు అవి తెలిసే ఉండాలి. కనుగుడ్డు నిజంగా ముందుకు వచ్చినది తక్కువగా ఉండి, రెప్ప పైకి లాక్కుపోవడమే ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎముక సర్జరీ అసలు అక్కర్లేకపోవచ్చు. రెప్ప దించితే చాలు, కన్ను లోపలికి వెళ్లినట్టే కనబడుతుంది. కోత తక్కువైన దారి ఉన్నప్పుడు ముందు దాని గురించే అడగాలి.

మెల్ల సర్జరీ అందం కంటే బతుకుతెరువుకి దగ్గర. ఈ జబ్బులో ఎక్కువగా బిగుసుకునేది గుడ్డును కిందికి లాగే కండరం. దాంతో పైకి చూడలేక గడ్డం ఎత్తి నడుస్తారు, మెట్లు రెండుగా కనిపిస్తాయి, విజయవాడ బెంజ్ సర్కిల్ దాటాలంటే ఏ బస్సు నిజమో తెలియదు. కొలతలు నిలకడయ్యేదాకా కళ్లద్దాలకు అంటించే ప్రిజం పలక సాయపడుతుంది. సర్జరీలో బిగిసిన కండరాన్ని వెనక్కి జరిపి కుడతారు. కొన్నిచోట్ల మత్తు దిగాక కుట్టును సర్దే వీలు కూడా ఉంచుతారు. ఎటు చూసినా ఒకటిగానే కనబడాలన్నది లక్ష్యం కాదు. నేరుగా చూసినప్పుడు, చదవడానికి కిందికి చూసినప్పుడు ఒకటిగా కనబడితే విజయమే. ఈ మాట ముందు చెప్పకపోతే బాగా జరిగిన సర్జరీ కూడా ఫెయిలైనట్టు అనిపిస్తుంది.

ముఖం మారేది ఎక్కువగా రెప్పల దగ్గరే. ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించే గుర్తు పై రెప్ప పైకి లాక్కుపోవడం. మామూలుగా పై రెప్ప నల్లగుడ్డు పై అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. అది పైకి పోతే నల్లగుడ్డు పైన సన్నటి తెల్ల గీత బయటపడుతుంది. భయపడిన ముఖంలోనూ, మండిపడే ముఖంలోనూ కనబడేది సరిగ్గా ఆ గీతే. మనిషి నవ్వుతున్నా కళ్లు మాత్రం గద్దిస్తున్నట్టు ఉండేది ఆ సన్నటి తెలుపు వల్లే.

దీన్ని సరిచేసేటప్పుడు చాలాసార్లు మనిషిని పూర్తిగా నిద్రపుచ్చరు. రెప్పకు మాత్రమే మత్తు సూది వేసి, దాన్ని పైకి లాగే రెండు కండరాలను కొద్దికొద్దిగా వదులు చేస్తారు. మధ్యలో టేబుల్ మీదే లేపి కూర్చోబెడతారు. కళ్లు తెరవమ్మా, మూయమ్మా, నా వేలు చూడమ్మా అంటూ సర్జన్ కాస్త దూరం జరిగి రెండు కళ్లనీ కలిపి చూస్తాడు. పడుకున్న మనిషి రెప్ప ఒకలా ఉంటుంది, కూర్చున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. ఒక మిల్లీమీటరు తేడా ఉందనిపిస్తే మళ్లీ పడుకోబెట్టి ఇంకొంచెం వదులు చేస్తారు. బయటి మూల దగ్గర రెప్ప ఇంకా ఎక్కువ పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కువ పని పడుతుంది. ఇంత చేసినా కొందరికి రెండోసారి సవరణ అవసరమవుతుంది. అది సర్జన్ తప్పని అనుకోనక్కర్లేదు, ఈ రెప్పల స్వభావమే అంత. కింది రెప్పను పైకి తేవాలంటే మధ్యలో ఆసరాగా అంగిలి పొర లాంటి ముక్కను పెట్టాల్సి రావచ్చు. కంటి కింద సంచులు, వేలాడే చర్మం తీయడం అన్నిటికంటే ఆఖరున, అదీ పొదుపుగా. చర్మం ఎక్కువ కోస్తే రెప్ప మూతపడదు. అసలే ఎండిపోయే కంటికి అంతకంటే కీడు లేదు.

ఈ సర్జన్లు అడిగే వస్తువు ఒకటుంది, రోగులు దాన్ని మర్చిపోయి వస్తుంటారు: జబ్బు రాకముందు ఫొటో. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఓపీ హాల్లో కూర్చుని పెళ్లి ఆల్బమ్ కోసం ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఇందుకే చేస్తారు. ఆ ఫొటోలో పై రెప్ప నల్లగుడ్డును ఎంత కప్పిందో, మడత ఎక్కడ పడిందో, రెండు కళ్లూ అప్పుడైనా సరిసమానంగా ఉన్నాయో లేదో డాక్టర్ పెద్దది చేసి చూస్తాడు. పుట్టుకతోనే కళ్లు కాస్త పెద్దవైన మనిషికి పుస్తకంలోని కొలత పెడితే ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. ఆధార్ కార్డు ఫొటో అయినా ఏమీ లేనిదానికంటే నయమే.

ముఖం బాధను లెక్కలోకి తీసుకోవాలని వైద్యరంగం ఒప్పుకుని చాలాకాలమైంది. ఈ జబ్బు ఉన్నవాళ్ల జీవితం ఎలా ఉందో తెలుసుకోవడానికి నెదర్లాండ్స్‌లో 1998లో తయారైన ప్రశ్నావళిలో 16 ప్రశ్నలు ఉన్నాయి. ఎనిమిది చూపు గురించి, మిగతా ఎనిమిదీ రూపం గురించే. జనం వింతగా చూస్తున్నారా, ఫొటోలకు దూరంగా ఉంటున్నారా, ఆత్మవిశ్వాసం తగ్గిందా అని అడుగుతారు. చూపుతో సమానంగా రూపానికీ సగం చోటు ఇచ్చారు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఇంకా పాత మాటే నడుస్తోంది. ఆరోగ్య బీమా పాలసీలన్నిటికీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ఉమ్మడి నిబంధనల్లో రూపం మార్చే చికిత్సకు డబ్బు ఇవ్వరన్న షరతు ఉంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణానికి మినహాయింపు ఇచ్చారు. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే చికిత్సకూ మినహాయింపు ఉంది, కానీ ఆ సంగతి చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరించాలి. జబ్బు చెడగొట్టిన ముఖం ఆ జాబితాలో విడిగా లేదు, ఇది న్యాయం కాదు. అందుకని ఉన్న నిజాన్ని కాగితాల్లో పూర్తిగా రాయించుకోవాలి. రెప్పలు ఎన్ని మిల్లీమీటర్లు మూతపడడం లేదు, నల్లగుడ్డు మీద ఎండిన మచ్చలు ఉన్నాయా, ఎటు చూస్తే రెండుగా కనిపిస్తోంది, రంగుల పరీక్ష ఏం చెప్పింది అన్నవి రిపోర్టులో ఉంటే అది సౌందర్య చికిత్స అని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. సర్కారు వైద్య పథకం కార్డు ఉన్నవాళ్లు అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడి, తమకు చేయబోయే సర్జరీ పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి.

డాక్టర్ని వెతికేటప్పుడు శుక్లాల ఆపరేషన్‌లో పేరున్న ఆయన దగ్గరికే వెళ్లడం మన అలవాటు. ఈ పనికి ఓకులోప్లాస్టీ, అంటే రెప్పలు, కంటి గూటి సర్జరీలు, చదివినవాళ్లు కావాలి. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్, గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర లాంటి పెద్ద కంటి ఆస్పత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఓపీ చీటీ రాయించేటప్పుడే థైరాయిడ్ కళ్లు చూసే ఓకులోప్లాస్టీ డాక్టర్ ఏ రోజు ఉంటారని అడిగితే ఒక తిరుగుడు తగ్గుతుంది.

ఎదురుచూసే కాలంలో రోగి చేతిలో ఉన్నదాంట్లో అన్నిటికంటే పెద్దది పొగ మానడం. పొగ తాగేవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, తీవ్రంగా వస్తుంది, మందులకు తక్కువగా లొంగుతుంది. పొగాకు బోర్డు 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. ఇక్కడ పొగాకు ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన పంట. చుట్టా బీడీ మానమని చెప్పడం ఈ నేల మీద అంత సులువు కాదు, అయినా చెప్పక తప్పదు. రోగి మగవాడైతే మరీ. ఆడవాళ్లలో జబ్బు ఎక్కువగా కనిపించినా మగవాళ్లలో అది మరింత తీవ్రంగా ముదురుతుంది. ఇంట్లో వేరేవాళ్లు వదిలే పొగ కూడా మంచిది కాదు.

మిగతావి ఊరిని బట్టి ఉంటాయి. రోహిణి కార్తె వడగాలికి మామూలు కళ్లే మండుతాయి, సగం మూతపడే కళ్లకు అది నరకం. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు సీజన్‌లో పక్కలు మూసుకున్న కళ్లద్దాలు పెట్టుకోవాలి. బైక్ మీద హెల్మెట్ అద్దం దించాల్సిందే. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్, తల కింద ఎత్తుగా దిండు, రెప్పలు మూతపడకపోతే పడుకునేముందు టేపు.

ఇక పెళ్లి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నప్పుడో, ముహూర్తం పెట్టుకున్నాకో సర్జరీ ఆలోచన రావడం మామూలు. లెక్క వేసుకోవాల్సింది ముహూర్తం నుంచి వెనక్కి. రెప్పల సర్జరీ ఒక్కటే అయితే నల్లటి కమిలిన మచ్చలు రెండు మూడు వారాల్లో పోతాయి. రెప్ప తన అసలు చోట కుదురుకోవడానికి మూడు నెలలైనా పడుతుంది, సవరణ కావాలో వద్దో అప్పుడే తేలుతుంది. మూడు సర్జరీలూ అవసరమైతే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నెలలు ఆగాలి కాబట్టి మొత్తం ఏడాది దాటవచ్చు. జబ్బు చల్లారిందని తేల్చే ఆర్నెల్లు దానికి అదనం. అమ్మాయి కళ్లు ఇంకా ఎర్రగా ఉబ్బి ఉండి, పెళ్లి నాలుగు నెలల్లో ఉంటే, ఇప్పుడు సర్జరీ వద్దని డాక్టర్ అంటే ఆ మాటే వినాలి. అప్పటిదాకా పై రెప్పకు బొటాక్స్ ఇంజెక్షన్ వేసి కొన్ని నెలలపాటు దించవచ్చా అని మాత్రం అడగవచ్చు. అది తాత్కాలికమే, రెప్ప మరీ జారవచ్చు, రెండుగా కనిపించవచ్చు. కాబట్టి అలవాటున్న డాక్టరే వేయాలి, పెళ్లికి కనీసం నాలుగైదు వారాల ముందే వేయించుకోవాలి.